చుక్క పెట్టిన మనవి

సైదమ్మ పెద్దమ్మ పేరు వినగానే కొత్తవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. మెడలో సిలువ, చేతిలో బైబిలు, పేరు మాత్రం జాన్‌పహాడ్ దర్గా సైదులుది. పుట్టిన పిల్లలు నిలవడం లేదని వాళ్ళమ్మ దర్గాకు మొక్కుకున్నాక పుట్టిందట. ఆ తర్వాత పదేళ్ళకు ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటి పాస్టర్ అయ్యగారు ఆమెకు మరియమ్మ అని కొత్త పేరు పెట్టారు. ఆ పేరు చర్చి రిజిస్టరు దాటి బయటికి రాలేదు. "మరియమ్మా అని పిలిస్తే నేను గూడ ఎన్కకు తిరిగి సూస్తుంటి, ఎవల్నో పిలుస్తున్నరని," అని నవ్వుతుంది పెద్దమ్మ.

సూర్యాపేటలో మా వీధి చివర ఉన్న బడిలో ఆమె మధ్యాహ్న భోజనం వండుతుంది. రెండున్నరకల్లా గిన్నెలు కడిగి, ఇంటికొచ్చి స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరుతుంది. అప్పటినుంచి పొద్దు గుంకేదాకా ఆమెది వేరే పని. దానికి జీతం లేదు, హోదా లేదు. వీధిలో అందరూ ప్రార్థన సైదమ్మ అంటారు. చర్చికి వెళ్ళని ఇళ్ళవాళ్ళు కూడా పిలుస్తారు. వచ్చి గడప దగ్గర కూర్చుంటుంది. "ఎట్లున్నవ్?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడంలోనే ఏదో ఉంది. ఎదుటివాళ్ళు ఏమీ చెప్పకూడదనుకుని మొదలుపెట్టి అన్నీ చెప్పేస్తారు. లేచి వెళ్ళేముందు ఆమె అడుగుతుంది: "రాసుకోనా?" సరే అంటే సంచిలోంచి పొడుగు నోట్‌బుక్కు తీస్తుంది.

దానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి ఉండేది. ఒక్కొక్కరిది ఒక్కొక్క మనవి. పేరు, బాధ, ఏం జరగాలని కోరుకుంటున్నారో అది. శుక్రవారం మధ్యాహ్నం ఉపవాస ప్రార్థనలో ఆ మనవులన్నీ మైకులో చదివేది. చర్చి గోడ మీద హారన్ ఉంటుంది కాబట్టి ఎవరి మోకాలు నొప్పి తగ్గలేదో, ఎవరి పిల్ల పరీక్ష రాస్తోందో వీధి మొత్తానికీ తెలిసేది. అందులో తప్పేమీ లేదు, అందరూ ఇష్టపడి చెప్పినవే. మైకులో చదవకూడనివి కూడా ఆ పుస్తకంలోనే ఉండేవి. వాటి పక్కన, మార్జిన్‌లో, పెన్నుతో చిన్న చుక్క పెట్టేది. చదివేటప్పుడు చుక్క ఉన్న వరుసలు వదిలేసి, ఇంట్లో ఒక్కతే కూర్చుని వాటికోసం ప్రార్థించేది. ఆ చుక్కల సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె తప్ప ఎవరూ ఆ పుస్తకం చదవరు కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మా ఇంటికి రెండిళ్ళ అవతల రాణి చిన్నమ్మ ఉండేది. బట్టలు కుట్టేది. సైదమ్మ పెద్దమ్మకూ ఆమెకూ పద్దెనిమిదేళ్ళ స్నేహం. ఇళ్ళన్నీ తిరిగొచ్చాక పెద్దమ్మ చివరగా కూర్చునేది రాణి చిన్నమ్మ దగ్గరే. జాకెట్లకు హుక్కులు కుడుతూ కూర్చునేది. చిన్నమ్మ మిషన్ తొక్కుతూ ఉండేది. మాటలు ఎక్కువ వినిపించేవి కావు. చిన్నమ్మ భర్త రవీందర్ బొంబాయిలో పనిచేస్తున్నాడని మాకందరికీ తెలుసు. తెలుసని అనుకునేవాళ్ళం.

నిరుడు వానలు మొదలైన రోజుల్లో పెద్దమ్మకు డెంగీ జ్వరం వచ్చింది. దవాఖానలో పడుకుని కూడా శుక్రవారం ప్రార్థన ఆగకూడదని కోడలి చేత పుస్తకం చర్చికి పంపింది. అక్కడి ఆడవాళ్ళు దాన్ని నా చేతిలో పెట్టారు. ఎం.ఏ. తెలుగు చదివిన పిల్ల, మంచిగా చదువుతుందని. నేను అంతకుముందు ఎన్నడూ మైకు పట్టుకోలేదు. తలెత్తకుండా, ఊపిరి తీసుకోకుండా, కంటికి కనిపించిన ప్రతి వరుసా చదువుకుంటూ పోయాను. నాలుగో పేజీలో ఇలా ఉంది:

'రాణి. రవీందర్ బొంబాయిలో లేడు. మిర్యాలగూడలో వేరే ఇల్లు పెట్టుకున్నాడు. అతని మనసు ఇంటికి మళ్ళాలి. ఆమె ఇంకా ఇద్దరికి బియ్యం పోస్తోంది.'

చివరి వాక్యం కూడా చదివేశాను. హారన్ రాణి చిన్నమ్మ ఇంటివైపే తిరిగి ఉంటుంది. అప్పటిదాకా వినిపిస్తున్న కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది.

పది రోజుల్లో ఆమె ఇల్లు ఖాళీ చేసి కోదాడలో అన్న దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె పుట్టిన ఊరు అదే.

జ్వరం తగ్గి వచ్చాక పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "చుక్క సంగతి నీకు చెప్పకపోవుడు నా తప్పు," అంది అంతే. మర్నాడు ఆ పుస్తకాన్ని బడిలో అన్నం వండే పొయ్యిలో పెట్టేసింది. ఇళ్ళకు వెళ్ళడం మానలేదు కానీ "రాసుకోనా?" అని అడగడం మానేసింది. దాంతో మనవులు కలిసిపోయేవి. ఒకరి ఇంట్లో ఇంకొకరి షుగర్ తగ్గాలని ప్రార్థించింది. పెళ్ళైన పిల్లకు మళ్ళీ పెళ్ళి సంబంధం కుదరాలని అడిగింది. జనం నవ్వారు, ఆమె కూడా నవ్వింది. రాణి చిన్నమ్మకు వారానికోసారి ఫోన్ చేసేది. అవతల ఎత్తేవాళ్ళు కాదు. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని, చేతులు ఊరికే ఉండలేక చీర కొంగు అంచు మడతపెడుతూ ఉండేది.

ఈ ఏడాది బడులు తెరిచిన కొత్తలో, ఒక రెండో శనివారం, ఎవరికీ చెప్పకుండా మిర్యాలగూడ వెళ్ళొచ్చింది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా మా ఇంటికొచ్చింది. చీర మీద మిల్లుల దుమ్ము అలాగే ఉంది.

"బిడ్డా, ఒక పని చెప్త, చేస్తవా?"

"చెప్పు పెద్దమ్మా."

"ఫోన్ల రాసుకోవాలె. నేను తప్ప ఎవలు సదవొద్దు. నా కోడలు సదవొద్దు, నువ్వు సదవొద్దు, ఆ ఫోన్ అమ్మినోడు గూడ సదవొద్దు. అసొంటిది ఉంటదా?"

మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "రాణి సంగతి మైకుల సదివిందే ఇది. పొయ్యి పొయ్యి దీన్నే అడుగుతున్నవా అక్కా?"

"అందుకే అడుగుతున్న. తాళం లేకపోతే ఏమైతదో దీనికే ఎక్కువ ఎరుక."

తర్వాత మెల్లగా చెప్పింది. రైస్‌మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తున్న రవీందర్‌ను కలిసింది. అతను ఒక మాట చెప్పాడు. "రాసుకోనా అని నోటికొచ్చింది, ఆపుకున్న. ఆయనే రాసుకో అక్కా అన్నడు. రాణికి మాత్రం చెప్పొద్దన్నడు. పుస్తకం లేకపాయె. మర్చిపోతనేమోనని బస్సుల ఆ మాటే అనుకుంట అనుకుంట వచ్చిన."

తాళం వెతకడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది.

మొదట ఆమె ఫోన్ చూశాను. బస్టాండ్ దగ్గరి షాపులో కొన్నది. మెయిల్ ఖాతా తెరిచిందీ, పాస్‌వర్డ్ పెట్టిందీ షాపాయనే. మా వీధిలో సగం ఫోన్లకు ఆయన పెట్టిన పాస్‌వర్డే, మనిషి పేరు, వెనక అవే మూడు అంకెలు. మర్చిపోకుండా దాన్ని చీటీ మీద రాసి ఫోన్ కవర్ వెనక పెట్టిచ్చాడు. ఫోన్‌లో ముందే ఉన్న నోట్సులో ఏం రాసినా ఆ మెయిల్‌లోకి పోతుంది. అది వద్దనుకున్నాం.

రెండోది, తాళంకప్ప బొమ్మ ఉన్న ఉచిత యాప్. తెరవగానే ఫోన్‌లో ఉన్న పేర్లూ నంబర్లూ చూడనివ్వమని అడిగింది. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని నాచేత రెండుసార్లు చదివించుకుంది. "నా దగ్గరికొచ్చేటోల్ల పేర్లు ముందుగాల్నే కావాల్నంటనా? ఇది తాళం కాదు బిడ్డా, నల్లా కాడ మంది చెప్పుకునే ముచ్చట."

మూడోది పెద్ద కంపెనీది, చూడ్డానికి బాగుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది ఇస్తామని కింద రాసి ఉంది. అది మంచి సౌకర్యమని నేననుకున్నాను. ఆమె అలా అనుకోలేదు.

"నా తాళంచెవి పోతే వాళ్ళు ఇంకోటి ఎట్ల ఇస్తరు? వాళ్ళ దగ్గర ఒకటి ఉంటేనే కద ఇచ్చేది."

మర్నాడు పగలంతా లైబ్రరీలో కూర్చుని ఇలాంటి వాటి గురించి చదివాను. అప్పుడు దొరికింది నాలుగోది. అది యాప్ కాదు, ఒక వెబ్‌సైటు. ఫోన్ నంబర్ అడగదు, మెయిల్ అడగదు. ఒక పేరు పెట్టుకుంటే ఆ పేరుతో ఒక పేజీ ఇస్తుంది. దానికి మనమే పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. మనం రాసింది మన ఫోన్‌లోనే గజిబిజి అక్షరాలుగా మారి, ఆ తర్వాతే వాళ్ళ దగ్గరికి వెళుతుంది. వాళ్ళ దగ్గర ఉండేది ఆ గజిబిజి ఒక్కటే.

"అంటే ధాన్యం మూట వాళ్ళ గోదాంల ఉంటది, ముడి నా చేతుల ఉంటదన్నట్టు."

"అంతే పెద్దమ్మా. కానీ పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవ్వరూ తెరవలేరు. తయారుచేసినవాళ్ళు కూడా."

మతిమరుపు మనిషి, వద్దంటుందేమో అనుకున్నాను.

"గట్లయితే ఇదే కావాలె," అంది. "నేను పోతే మంది మాటలు నాతోనే పోవాలె."

"దేవుడు గూడ సదవలేడా ఏంది అక్కా?" అంది మా అమ్మ.

"ఆయనకు నేను రాయకముందే ఎరుక. రాసేది నా మతిమరుపు కోసం."

టైపు చేయడం ఆమెకు కష్టమని, మాట్లాడితే దానంతటదే రాసుకునే పద్ధతి చూపించబోయాను. కీబోర్డు మీద చిన్న మైకు గుర్తు కనబడగానే దాని మీద బొటనవేలు అడ్డం పెట్టింది. "మళ్ళ మైకా?" అంది. నిజమే, మనం మాట్లాడింది అక్షరాలు కావడానికి ఇంకెక్కడికో పోయి రావచ్చు. అది వదిలేశాం. ఒక్కొక్క అక్షరమే కొట్టసాగింది. 'మి' కొట్టగానే కీబోర్డు మిర్యాలగూడ అని అందించింది. ఉలిక్కిపడి నావైపు చూసింది. "ఇది గూడ యాదిపెట్టుకుంటదా?" అలా అందించడాన్ని కూడా ఆపేసి, నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. పావుగంట తర్వాత అనుకోకుండా తల తిప్పితే, కొంగుతో నోరు కప్పుకుని రాస్తోంది. రాసేటప్పుడు ఆమె పెదవులు కదులుతాయి. అవి కూడా కనబడకూడదని.

పాస్‌వర్డ్ ఏం పెట్టుకుందో నాకు తెలియదు. కవర్ వెనక ఉన్న చీటీని మాత్రం చించి నా చేతిలో పెట్టింది.

ఆ మరుసటి ఆదివారం ఆరాధన కాగానే అంది: "కోదాడ పోదాం పా. ఇది రాణికి చూపియ్యాలె."

"ఆమె నీ ఫోనే ఎత్తదు కదా."

"ఫోన్ ఎత్తదు. ఎదురుంగ పోతే ఎల్లగొట్టదు."

బస్సులో నేను క్షమాపణ మూడు రకాలుగా తయారుచేసుకున్నాను. మునగాల దాటేసరికి మూడూ బాగాలేవనిపించింది.

హుజూర్‌నగర్ రోడ్డులో వాళ్ళన్న ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని ఉంది రాణి చిన్నమ్మ. అదే మిషన్. మమ్మల్ని చూసింది కానీ పాదం ఆపలేదు. ఏడాదిలో ఆమె మాట మళ్ళీ కోదాడ మాట అయిపోయింది.

"వచ్చారా," అంది. "మైకును కూడా వెంటబెట్టుకొచ్చావే అక్కా."

నేను తయారుచేసుకున్నవేవీ నోటికి రాలేదు. "చిన్నమ్మా, నాకు ఆ చుక్క సంగతి తెలవదు," అన్నాను.

"చుక్క తెలియదు సరే. చదువుతున్నది ఎవరి బతుకో కూడా తెలియలేదా?"

నిలబడిపోయాను. పెద్దమ్మ మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, పక్కన కుప్పగా ఉన్న జాకెట్లలోంచి ఒకటి తీసి, హుక్కుల డబ్బా దగ్గరికి లాక్కుంది. ఎవరూ కుట్టమనలేదు. చిన్నమ్మ వద్దని కూడా అనలేదు.

రెండు హుక్కులు కుట్టాక పెద్దమ్మ మొదలుపెట్టింది. "పుస్తకం కాలవెట్టిన రాణీ. ఇప్పుడు ఫోన్ల రాస్తున్న. తాళమున్నది. నేను తప్ప ఎవలు తియ్యలేరు."

"నిరుడు హారన్‌లో పెట్టావు. ఈసారి ఇంటర్నెట్‌లో పెట్టావా? మా వీధి విన్నది చాలలేదు, దేశమంతా వినాలా?"

"వినబడదు. మూట వాళ్ళ కాడ ఉంటది, ముడి నా కాడ ఉంటది."

"నా సంగతి ఉందా అందులో?"

"లేదు. నువ్వు చెప్తేనే రాస్త."

పాదం ఆగింది. "అంటే ఏడాదిగా నా పేరు ఎక్కడా లేదా?"

"పేరు లేదు. ప్రార్థన ఉన్నది. రాయకున్నా మర్చిపోనిది అదొక్కటే."

చిన్నమ్మ మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ఒక గుడ్డ కుట్టి, దారం తెంపి, ఇంకో గుడ్డ పెట్టింది. తల దించుకునే అడిగింది.

"మిర్యాలగూడ వెళ్ళావంట. ధాన్యం లోడుతో వెళ్ళినప్పుడు మా అన్న నిన్ను మిల్లు దగ్గర చూశాడు."

"పోయిన."

"కనపడ్డాడా?"

"కనబడ్డడు."

"చిక్కిపోయాడా?"

"బాయిలర్ కాడ ఎవలైనా చిక్కిపోతరు."

"ఏమన్నాడు?"

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసమే ఆమె ఏడాదిగా ఆ మిషన్ ముందు కూర్చుందని నాకు అప్పుడర్థమైంది. పెద్దమ్మ చేతిలో సూది ఆగిపోయింది. ఆమె ఒక్క మాట చెబితే చాలు, పద్దెనిమిదేళ్ళ స్నేహం అక్కడికక్కడ తిరిగొస్తుంది. సాయంత్రాలు మళ్ళీ మిషన్ పక్కన హుక్కులు కుట్టుకోవచ్చు. దానికోసమే కదా వచ్చింది.

"ఒక మాటన్నడు," అంది పెద్దమ్మ. "రాసుకోమన్నడు. నీకు చెప్పొద్దన్నడు."

"మంచి మాటా, చెడ్డ మాటా? అదొక్కటి చెప్పు."

"అది చెప్తే సగం చెప్పినట్టే చెల్లె."

"నేను చెల్లెలిని. అతను నీకేమవుతాడక్కా? అతని మాట దాచి నన్ను చంపుతావా?"

"ఆయన నాకేం కాడు. నీ మాట ఊరందరికి వినబడ్డది. ఎట్లుంటదో నీకెరుకే. ఇప్పుడు ఆయనది గూడ నా నోట్లకెల్లి పడాల్నా?"

రాణి చిన్నమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది. అది చాలాసేపు ఆగలేదు. ఇక వెళ్ళిపోదామని నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు. హుక్కు ఉల్టా కుట్టి, విప్పి, మళ్ళీ కుడుతోంది. వేలికి సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుంది.

చిన్నమ్మ ముఖం కడుక్కుని వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ పెద్దమ్మ ఎదుట నిలబడి ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఆ ఫోన్ ఇటివ్వు," అంది. తర్వాత నావైపు తిరిగి, "ఇందులో నాకొకటి పెట్టు. వేరేది. దాని తాళం నేనే పెట్టుకుంటా, అక్కకు కూడా చెప్పను. అవుతుందా?"

"అవుతుంది చిన్నమ్మా."

కొత్త పేరుతో ఇంకో పేజీ తెరిచి ఇచ్చాను. ఆమె మిషన్ మీదికి వంగి, మా ఇద్దరికీ వీపు పెట్టి రాసింది. రెండుసార్లు ఆగింది, ఒకసారి అంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టినట్టుంది. చివరికి పాస్‌వర్డ్ పెట్టి, పేజీ మూసి, ఫోన్ పెద్దమ్మ ఒళ్ళో పెట్టింది.

"నాది నీ దగ్గరనే ఉంటది అక్కా. నువ్వు కూడా చదవలేవు."

"సదవకుంట ఎట్ల అడగాలె దేవుణ్ణి?"

"పోస్టాయన ఉత్తరాలు చదివే పంచుతాడా? నువ్వు తీసుకుపో. అంతే నీ పని."

సూర్యాపేటకు ఎప్పుడొస్తావని పెద్దమ్మ అడగలేదు. వస్తానని చిన్నమ్మ కూడా అనలేదు. కుట్టిన జాకెట్లు మడతపెట్టి ఇచ్చి లేచాం. నాతో చిన్నమ్మ ఇంకేమీ మాట్లాడలేదు గానీ, గుమ్మం దిగుతుంటే నా భుజం మీద ఊడిపోతున్న కుట్టు చూసి, నిలబెట్టి రెండు కుట్లు వేసి దారం పంటితో తెంపింది.

తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెద్దమ్మ ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుంది. నేను ఉండబట్టలేక అడిగాను. "చిన్నమ్మ ఏం రాసిందో తెలుసుకోవాలని అనిపిస్తలేదా పెద్దమ్మా?"

"అనిపిస్తది. ఆయన ఏమన్నడో తెలుసుకోవాల్నని దానికి గూడ అనిపిస్తది. ఇద్దరం గట్లనే ఉంటం ఇగ."

ఇందులో నేను రాసినవి మైకులో వీధంతా విన్నవి, లేదంటే నా ఎదుట జరిగినవి, పెద్దమ్మ నాతో చెప్పినవి. రాయవచ్చా అని ఇద్దరినీ అడిగాను. "హారన్ కంటే నయమే," అంది రాణి చిన్నమ్మ. తాళం లోపల ఉన్నవి నాకు తెలియవు.

ఇప్పుడు రోజూ పొద్దున, బడికి వంటకు వెళ్ళేముందు, పెద్దమ్మ ఆ రెండో పేజీ తెరుస్తుంది. అది పాస్‌వర్డ్ అడుగుతుంది. ఖాళీ గడిలో చిన్న గీత కొట్టుకుంటూ ఉంటుంది. ఆమె దాని మీద అరచెయ్యి బోర్లించి కళ్ళు మూసుకుంటుంది. తెర దానంతటదే ఆరిపోయేదాకా అలాగే ఉంటుంది.

ఈమధ్య శుక్రవారాలు కోదాడ నుంచి ఫోన్ వస్తోంది.

"చేసినవా?"

"చేసిన."

అంతే, పెట్టేస్తారు. పోయిన వారం మాత్రం రాణి చిన్నమ్మ పెట్టేయకుండా ఆగిందట. "ఆయన మాట భద్రంగ ఉన్నదా అక్కా?" అని అడిగిందట.

"ఉన్నది," అందట పెద్దమ్మ.

ఆ తర్వాత కూడా ఇద్దరూ ఫోన్ పెట్టేయలేదట. అవతల కుట్టుమిషన్ చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించిందట.